కంచన్‌బాగ్ నుంచి గుండె దాకా

చార్మినార్ నుంచి ఆగ్నేయంగా, సంతోష్‌నగర్ దాటి వెళ్తే కంచన్‌బాగ్. పాతబస్తీ అంచున, ఎత్తైన ప్రహరీల వెనక డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్ అనే రక్షణ పరిశోధనశాలలు, ప్రత్యేక లోహాల కర్మాగారం మిధాని ఉంటాయి. 1982లో అబ్దుల్ కలాం డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చాక పృథ్వి, అగ్ని క్షిపణుల పని ఊపందుకుంది ఇక్కడే. ఆ కలామే గుండె వైద్యుడు బి.సోమరాజుతో కలిసి తక్కువ ధర స్టెంటు (పూడుకుపోయిన గుండె నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) తయారీకి పూనుకున్నారు. 1998 నాటికి అది ‘కలాం-రాజు స్టెంట్’గా పేరు తెచ్చుకుంది.

అప్పట్లో స్టెంటంటే విదేశీ సరుకు, ధర చూస్తే గుండె గుభేలుమనేది. కలాం, సోమరాజు పట్టుకున్నది ఆ చిక్కునే. రెండో చిక్కు మాత్రం అలాగే మిగిలింది: తెరిచిన నాళం మళ్లీ పూడుకుపోవడం.

నిజానికి స్టెంటు పుట్టిందే దానికి విరుగుడుగా. 1977లో జ్యూరిక్‌లో గ్రూంట్జిగ్ అనే వైద్యుడు బెలూన్‌తో గుండె నాళం తెరిచి చూపాడు. కొన్ని నెలలకే చాలామందికి బ్లాకు తిరిగొచ్చేది. 1986లో ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో తొలి స్టెంటు వేశారు. 1994లో వెలువడిన బెనెస్టెంట్ పరిశోధనలో, బెలూన్ చికిత్స పొందినవారిలో 32 శాతం మందికి, స్టెంటు వేసినవారిలో 22 శాతం మందికి నాళం మళ్లీ సన్నబడింది. మెరుగే, కానీ అయిదుగురిలో ఒకరికి తిప్పలు తప్పలేదు.

ఎందుకలా? సన్నటి ఆ జాలీ గొట్టాన్ని బెలూన్‌తో దాదాపు బాల్‌పెన్ రీఫిల్ అంత లావుకు ఉబ్బించి నాళం గోడకు అదిమిపెడతారు. ఆ ఒత్తిడికి లోపలి పలచని పొర చిట్లుతుంది. శరీరానికి అదొక గాయం. ముందు ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి, వెనకే తెల్లకణాలు వచ్చి చేరతాయి, వాపు మొదలవుతుంది. అవి వదిలే రసాయనాలకు గోడలోని కండర కణాలు రెచ్చిపోయి లోపలికి పెరుగుతాయి. ఆరు నెలలు తిరిగేసరికి జాలీ మీద కొత్త కండ మందంగా పేరుకోవచ్చు. షుగరు ఉన్నవారికి ఈ బెడద మరీ ఎక్కువ.

కలాం-రాజు స్టెంటు గురించి రాసేవాళ్లు దాని వెనకున్న క్షిపణి పరిజ్ఞానాన్ని పొగిడి అక్కడితో ఆగిపోతారు. కానీ స్టెంటులోని ఉక్కు ఎంత మేలైనదైనా ఒంటికి అది పరాయి వస్తువే. దానికి జవాబు మందు పూతలో దొరికింది. ఈస్టర్ ద్వీపం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన సిరోలిమస్ అనే మందు, కణాల పెరుగుదలకు కళ్లెం వేస్తుంది. ఆ మందు పూసిన స్టెంటుకు 2003లో అమెరికా అనుమతి వచ్చింది. పూడిక బాగా తగ్గింది, ఖర్చు మళ్లీ కొండెక్కింది. మన దేశంలో ఒక్కో మందు పూత స్టెంటుకు లక్షకు పైనే గుంజేవారు.

2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకు పగ్గం వేసింది: మామూలు లోహపు స్టెంటు 7,260 రూపాయలు, మందు పూతది 29,600. కంచన్‌బాగ్ ప్రయత్నం ఎత్తిచూపిన ధర సమస్యకు చట్టబద్ధమైన హద్దు పడటానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.