గుంటూరులో బయలుపడిన సూర్యుని రహస్యము

సూర్యగ్రహణమనగానే మన పల్లెలలో నేటికిని కొందరి గుండెలు ఝల్లుమనును. గర్భిణీ స్త్రీలను చీకటిగదిలో కదలకుండ పరుండబెట్టుదురు. వండిన కూడు పారబోయుదురు. మన తాతలనాడు ఈ భయము ఇంకను ఎక్కువగా నుండెను. అయితే అట్టి గ్రహణములలో ఒకటి మన గుంటూరుమీదుగా పోయినప్పుడు, అంతవరకు లోకములో ఎవరికిని తెలియని సంగతి ఒకటి అచ్చట బయలుపడెను. ఆ చరిత్రను ఈ మాసము మీకు చెప్పగోరుచున్నాను.

మొదట గ్రహణమెట్లు కలుగునో చూతము. సూర్యుడు అడ్డుకొలతలో చంద్రునికంటె సుమారు 400 రెట్లు పెద్దవాడు. మననుండి దూరములోను చంద్రునికంటె సుమారు 400 రెట్లు ఎక్కువ దూరమున నున్నాడు. అందువలన ఇద్దరును మన కంటికి ఒకే పరిమాణముగా కనబడుదురు. చిన్న రూపాయి బిళ్లను కంటికి దగ్గరగా పట్టుకొనినయెడల ఎదుటి ఇల్లంతయు మరుగగును గదా! అట్లే చంద్రుడు మనకును సూర్యునికిని నడుమ వచ్చి ఆయనను కప్పును. క్రీ.శ. 499 నాటికే మన దేశపు ఆర్యభటుడు, సూర్యుని కప్పునది చంద్రుడనియు, చంద్రుని కప్పునది భూమి నీడయనియు వ్రాసియుంచెను. అయితే ప్రతి అమావాస్యకును గ్రహణమేల రాదు? చంద్రుని దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వాలియున్నది. గనుక తరచుగా ఆయన నీడ భూమిని తాకక పైగానో క్రిందుగానో పోవును.

ఋతువులకును ఇట్టి వాలే కారణము. భూమి తన దారిలో నిటారుగా నిలువక, సుమారు 23½ డిగ్రీలు ఒరిగి తిరుగుచున్నది. భూమి సూర్యునికి మిక్కిలి దగ్గరగా వచ్చునది జనవరిలో. అప్పుడు దూరము సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. మిక్కిలి దూరముగా పోవునది జూలైలో; అప్పుడు సుమారు 15 కోట్ల 21 లక్షలు. దగ్గరయైనప్పుడు మనకు చలి! కాబట్టి ఎండకాలము దూరమునుబట్టి కాదు, కిరణములు నిటారుగా పడుటనుబట్టియు, పగలు పొడవగుటనుబట్టియు కలుగుచున్నది. గుంటూరులో సూర్యుడు మే మొదటి వారములోను, ఆగస్టు మొదటి పది దినములలోను మధ్యాహ్నమున సరిగా నడినెత్తిమీదికి వచ్చును. అయితే రెండవసారి వానమబ్బులు అడ్డుపడుటవలన మేనెలవంటి మంట ఉండదు.

ఆ మబ్బులే 1868వ సంవత్సరమున శాస్త్రజ్ఞులను భయపెట్టినవి. ఆ ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పడమటి తీరమునుండి తూర్పు తీరమువరకు మన దేశమును దాటిపోవునని లెక్కలు తెలిపెను. మద్రాసు నక్షత్రశాలనుండి పోగ్సన్ దొర మచిలీపట్టణమునకు వచ్చెను. అదే నక్షత్రశాలలో పనిచేయుచున్న చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికి పోయెను. గుంటూరులో మేజర్ టెన్నంట్ దుర్భిణీలతో దిగెను. ఫ్రాన్సునుండి పియర్ జాన్సన్ అను నతడును గుంటూరికే వచ్చి, ఒక ఫ్రెంచి వర్తకుని మేడమీద తన పరికరములను అమర్చుకొనెను. చిన్ననాటి ప్రమాదమువలన ఆయన కుంటివాడు. అయినను సముద్రములు దాటి వచ్చెను.

ఆయన తెచ్చినది వెలుగును రంగులుగా విడదీయు పరికరము. పొయ్యిలో ఉప్పు పడినప్పుడు మంట పచ్చగా మారుటను మీరు చూచియుందురు. అట్లే ప్రతి మూలపదార్థమునకును తనదైన రంగుగీతలున్నవి. 1859లో జర్మనీ దేశస్థులైన కిర్కాఫ్, బున్‌సెన్ అనువారు ఈ సంగతిని స్థిరపరచిరి. అనగా సూర్యుని దగ్గరకు పోకుండనే, ఆయన వెలుగును చదివి అక్కడ ఏమున్నదో చెప్పవచ్చును.

ఆ ఉదయమున చంద్రుడు సూర్యుని పూర్తిగా కప్పెను. అయిదు నిమిషములకు పైగా చీకటి నిలిచెను. నల్లని బిళ్ల అంచున ఎర్రని మంటలు లేచి కనబడెను. జాన్సన్ తన పరికరమును వాటివైపు త్రిప్పగా మిలమిలలాడు గీతలు కనబడెను. ఆ మంటలు వాయువులనియు, అందులో ముఖ్యమైనది హైడ్రోజననియు తేలెను. గీతలు ఎంతో కాంతిగా నున్నందున, గ్రహణము లేకున్నను వీటిని చూడవచ్చునని ఆయనకు తోచెను. మరునాడు ఉదయమున ప్రయత్నింపగా నిండు వెలుగులోనే కనబడెను! ఆయన పదునేడు దినములు గుంటూరులోనే ఉండి, ఆ మంటలను పరిశీలించెను.

సెప్టెంబరు 19న కాకినాడనుండి ఆయన పారిసునకు ఉత్తరము వ్రాసెను. అది ఓడలమీద పోయి అక్టోబరు 26న చేరెను. ఇంతలో ఇంగ్లాండులో లాకియర్ అను నతడు, జాన్సన్ సంగతి ఎరుగకయే, అక్టోబరు 20న అదే విధానమును కనిపెట్టి తెలియజేసియుండెను. ఇద్దరి ఉత్తరములును ఒకే దినమున పారిసు విద్యాసంఘములో చదువబడెను. ఎవరు ముందని వివాదము పెరుగుటకు మారుగా, ఇద్దరి ముఖములును కలిపి ఒక పతకము ముద్రింపబడెను. గౌరవమును పంచుకొనుటవలన ఎవరికిని తరుగు కలుగలేదు.

ఆ మంటల వెలుగులో ఒక పసుపు గీత ఉండెను. మొదట కొందరది ఉప్పులోని సోడియము గీతయే యనుకొనిరి. కాని దాని స్థానము కొంచెము వేరు. ఇది భూమిమీద తెలియని మూలపదార్థమని లాకియర్ తలంచి, సూర్యుని గ్రీకు నామమునుబట్టి హీలియమని పేరిడెను. అనేకులు నమ్మలేదు. 1895లో లండనులో రామ్సే అను రసాయనజ్ఞుడు ఒక ఖనిజమును ఆమ్లముతో కలుపగా వెలువడిన వాయువులో ఆ గీతయే కనబడెను. సూర్యునిలో ముందు చూచినది ఇరువదియేడేండ్లకు మన కాళ్లక్రింద దొరికెను!

చదువరులారా, ఆ ఉదయమున నీడ అందరిమీదను ఒకే రీతిగా పడెను. చూడ సిద్ధపడినవారికి ఆ చీకటియే వెలుగును గూర్చి పాఠము చెప్పెను. ఇకమీదట గ్రహణము వచ్చినప్పుడు గర్భిణులను చీకటిలో బాధింపకుడి, అన్నమును పారబోయకుడి. అయితే వట్టి కంటితో సూర్యుని చూడకుడి, కన్ను చెడును. తాటాకు పందిరి సందులనుండి నేలమీద పడు వెలుగు చుక్కలను మీ పిల్లలకు చూపుడి. ఒక్కొక్క చుక్కయు నెలవంకవలె కొరగబడి కనబడును. అప్పుడు గుంటూరు మేడమీది ఆ కుంటి యాత్రికుని కథ వారికి చెప్పుడి.