హ్యూవర్త్ సమాధుల తోటలోని పేర్లు

సంఘ చరిత్ర వ్రాసేటప్పుడు మనము మిషను నివేదికలను, బిషప్పుల ఉత్తరములను, ప్రతిష్ఠ శిలాఫలకములను ఆధారము చేసికొంటాము. సమాధుల రిజిస్టరు తెరిచేవారు తక్కువ. ఇంగ్లండు ఈశాన్య భాగములోని డర్హమ్, నార్తంబర్లాండ్ బొగ్గు ప్రాంతమును గూర్చిన స్థానిక చరిత్ర గ్రంథములను, చిత్రములను పరిశీలించినప్పుడు మమ్మును ఎక్కువగా ఆపినది ఒక చిన్న పుస్తకము. దానిని వ్రాసినది ఒక సంఘకాపరి, తాను సమాధి చేసిన వారిని గూర్చి.

ఆయన పేరు జాన్ హాడ్జ్‌సన్ (1779–1845). 1808 నుండి జారో, హ్యూవర్త్ సంఘములకు కాపరి. జారో అనగానే మన విద్యార్థులకు బీడ్ జ్ఞాపకము రావాలి. 735లో మరణించిన ఆ సన్యాసి ఇంగ్లండు సంఘ చరిత్ర వ్రాసినది అక్కడి మఠములోనే. వెయ్యేండ్ల తరువాత ఆ ప్రాంతమంతా బొగ్గుబాయిలే. 1812 మే 25న హ్యూవర్త్ పరిధిలోని ఫెల్లింగ్ గనిలో మండే వాయువు ప్రేలి 92 మంది పురుషులు, బాలురు మరణించారు. లోపలి మంటలు ఆరడానికి గని నోళ్ళు మూసివేయవలసి వచ్చింది. శవములను తీయడము జూలైలో మొదలై సెప్టెంబరు వరకు సాగింది. అప్పటికి ముఖములు గుర్తుపట్టే స్థితిలో లేవు. తల్లులు, భార్యలు జోళ్ళను బట్టి, బట్టలను బట్టి తమవారిని గుర్తించారు. ఒకరి శవము దొరకనే లేదు. చాలమందిని హ్యూవర్త్ దేవాలయ ఆవరణలో ఒకే పొడవాటి గుంటలో వరుసగా ఉంచి హాడ్జ్‌సన్ సమాధి చేశారు.

ఆ కాలమున ఇలాంటి మరణములను గూర్చి మాట్లాడకపోవడమే మర్యాద. గని ప్రమాదములను వివరముగా ప్రకటించవద్దని తమను కోరినట్లు 1767లోనే ఒక న్యూకాసిల్ పత్రిక దాపరికము లేకుండా వ్రాసుకున్నది. గనిలో చనిపోయినవారి విషయములో న్యాయ విచారణ జరిపే ఆచారము కూడ 1814 వరకు ఆ ప్రాంతమున దాదాపు లేదు. అట్టి మౌనములో హాడ్జ్‌సన్ 1813లో తన సమాధి ప్రసంగమును అచ్చువేయించారు. ప్రసంగము మాత్రమే అయితే ఈనాడు దానిని ఎవరు చదువుతారు? (ప్రసంగికులమైన మనము ఈ మాటకు నొచ్చుకోనక్కరలేదు.) ప్రసంగమునకు ముందు ఆయన గని వర్ణనను, లోపలి దారుల పటమును, ప్రమాదము జరిగిన తీరును, విధవరాండ్ర కొరకు పోగైన నిధి వివరములను చేర్చారు. గని కార్మికులకు ఒక ఆసుపత్రి కావాలని సూచించారు. మృతుల పేర్లు, వయస్సులు, వారు చేసే పనులు వ్రాశారు. అందులో గాలి తలుపులు తీసి మూసే పని చేసిన పదేండ్లలోపు పిల్లలు ఉన్నారు. నెహెమ్యా 7వ అధ్యాయము వచ్చినప్పుడు మనము పేర్లను దాటివేసి ముందుకు పోతాము. ఈ పట్టికను అలా దాటివేయలేము. ఒకే ఇంటిపేరు వరుసగా రెండు మూడుసార్లు వస్తుంది.

ఫలితము వెంటనే కనబడింది. 1813లోనే గని ప్రమాదముల నివారణకు సండర్లాండ్‌లో ఒక సంఘము ఏర్పడింది. దానిలోని మరొక పాదిరి రాబర్ట్ గ్రే ప్రముఖ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీకి ఉత్తరము వ్రాశారు. డేవీకి గనిలోని వాయువును సీసాలలో పట్టి పంపినది హాడ్జ్‌సనే. 1815లో రక్షణ దీపము తయారైనది. 1816 జనవరిలో హెబ్బర్న్ గనిలో దానిని పరీక్షించినప్పుడు ఆయన స్వయముగా దీపము పట్టుకొని లోపలికి నడిచారు. ముందుగా ఏమీ తెలియని ఒక కార్మికుడు ఆ వెలుగు చూచి, ఆర్పివేయమని కేకలు వేశాడట. అతని భయము న్యాయమైనదే.

అయితే హాడ్జ్‌సన్‌ను మించి పొగడడము మా ఉద్దేశము కాదు. ఫెల్లింగ్ గాలి ఏర్పాట్లలో ఆదర్శమైన గని అని పనివారే భావించేవారని ఆయన వ్రాశారు. ఆయన యజమానులపై కేసు నడిపినవారు కారు. దీపము వచ్చిన ధైర్యముతో యజమానులు ఇంకా ప్రమాదకరమైన పొరలలోకి మనుషులను దింపారు. 1835లో వాల్సెండ్‌లో 102 మంది చనిపోయారు.

చిత్రముల విషయము క్లుప్తముగా చెబుతాము. టి. హెచ్. హెయిర్ ఈ ప్రాంతపు గనులను చిత్రించి, లోహపు పలకలపై చెక్కి, 1844లో గ్రంథముగా వెలువరించాడు. యంత్రగృహములు, పొగగొట్టములు, ఓడలలోకి బొగ్గు దింపే కట్టడములు, అన్నీ అందముగా ఉంటాయి. మనుషులు చీమలంత. 1842 నాటి పార్లమెంటు నివేదికలోని బొమ్మలు మరో రకము. నడుముకు గొలుసు కట్టుకొని బండి లాగే పిల్లలను చూచి దేశము ఉలిక్కిపడింది. ఆ ఏడే స్త్రీలను, పదేండ్లలోపు బాలురను గని లోపల పనికి నిషేధిస్తూ చట్టము వచ్చింది. ఇక్కడ ఒక హెచ్చరిక. బండ్లు లాగే బాలికల బొమ్మలు యార్క్‌షైర్ మొదలగు ఇతర ప్రాంతములవి. డర్హమ్‌లో స్త్రీలు గనిలో దిగడము అంతకు ముందే ఆగిపోయింది. ఏ బొమ్మను ఏ ఊరి చరిత్రలోనైనా అతికించడము చరిత్ర కాదు.

కార్మికుల పక్షమున చరిత్ర రావడానికి 1873 వరకు ఆగవలసి వచ్చింది. ఒకప్పుడు గనిలో పనిచేసిన రిచర్డ్ ఫైన్స్ ఆ ఏడు రెండు జిల్లాల గని కార్మికుల చరిత్ర ప్రచురించాడు. అప్పటికి హార్ట్లీ ప్రమాదము జరిగి పదకొండేండ్లు. 1862 జనవరిలో నీటి పంపు యంత్రపు దూలము విరిగి గనికున్న ఒకే ఒక షాఫ్టులో పడగా, లోపల చిక్కిన 204 మంది మరణించారు. వారిలో ఒకరి వద్ద దొరికిన చిన్న పుస్తకములో, తాము లోపల ప్రార్థన కూడిక జరుపుకొన్నట్లు వ్రాసి ఉన్నది. ప్రతి గనికి రెండు దారులుండాలని అదే ఏడు చట్టమైనది.

మన సింగరేణి మాటకు వస్తే, 1871లో ఇల్లెందు ప్రాంతమున విలియం కింగ్ బొగ్గు కనుగొనగా, 1889లో త్రవ్వకము మొదలైనది. 1912లో అజరయ్య బిషప్పుగా ఏర్పడిన దోర్నకల్ అధ్యక్ష మండలము ఆ ప్రక్కనే. ఆ ప్రాంతపు సంఘములు వేసిన శతవార్షికోత్సవ సంచికలు మేము కొన్ని చూచాము. దాతల పేర్లు రూపాయలతో సహా ఉన్నాయి. బాయిలో చనిపోయిన విశ్వాసుల పట్టిక ఒక్కదానిలోను లేదు.

ఇతరులను అనడమెందుకు? మేము ఆ ప్రాంతమున సేవ చేసిన రోజులలో సమాధుల రిజిస్టరులో మరణ కారణము అనే గడిలో ‘గని ప్రమాదము’ అని రెండే మాటలు వ్రాసి సంతకము చేశాము. ఈ వ్యాసము కొరకు ఆ పేజీలు తిరిగి చూడగా ఒక పేరు ప్రక్కన వయస్సు కూడ లేదు. ఆయన భార్య ఆ కాలనీలోనే ఉన్నదని తెలిసి వెళ్ళి అడిగాము. ఆమె చెప్పినది అక్కడే వ్రాసికొన్నాము: 34 సంవత్సరములు, బొగ్గు ఫిల్లరు, రెండవ షిఫ్టు.