శూన్యంలో రాపిడి: డేవీ మంచు ముక్కలు

రాపిడికి వేడి పుడుతుందన్నది అరణి మథించిన కాలం నుంచీ మనిషికి తెలుసు. ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందన్నది మాత్రం పద్దెనిమిదవ శతాబ్దం చివరి దాకా తేలలేదు. 1789లో లావోయిజర్ తన మూలకాల పట్టికలో ‘కెలోరిక్’కు చోటిచ్చాడు. వేడి అంటే బరువు లేని ఒక ద్రవమనీ, వస్తువులను రుద్దితే వాటిలో ఇమిడి ఉన్న ఆ ద్రవం బయటికి వస్తుందనీ ఆనాటి నమ్మకం.

1798లో రమ్‌ఫర్డ్ దీన్ని ఎదిరించాడు. మ్యూనిక్‌లో గుర్రాల బలంతో లోహపు దిమ్మను మొద్దుబారిన బరమాకు ఒరిపించి, చుట్టూ ఉన్న నీళ్ళను రెండున్నర గంటల్లో మరిగించాడు. రాపిడి సాగినంతసేపూ తరగకుండా పుట్టేది పదార్థం కాజాలదని, అది చలనమేనని వాదించాడు.

మరుసటి ఏడే హంఫ్రీ డేవీ వ్యాసం బ్రిస్టల్‌లో అచ్చయింది. డేవీకి అప్పటికి ఇరవై ఏళ్ళు. పెన్జాన్స్‌లో ఒక వైద్యుని వద్ద శిష్యరికం చేసి, వాయువులతో చికిత్స చేయాలనుకున్న డాక్టర్ బెడ్డోస్ సంస్థలో చేరాడు. ఆ వ్యాసంలో రెండు ప్రయోగాలు ముఖ్యమైనవి. మొదటిదానిలో ఆరు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు, అంగుళంలో మూడింట రెండు వంతుల మందం గల రెండు మంచు ముక్కలను యంత్రంతో కొన్ని నిమిషాలు రుద్దితే దాదాపు పూర్తిగా కరిగిపోయాయి. మంచును ఎంచుకోవడంలో తెలివి ఉంది. రాపిడి వల్ల వస్తువుకు వేడిని పట్టి ఉంచే శక్తి తగ్గుతుందని కెలోరిక్‌వాదులు చెప్పేవారు. నీటికి ఆ శక్తి మంచుకన్నా ఎక్కువ.

గాలి నుంచి వేడి వచ్చిందేమోనన్న సందేహానికి జవాబు రెండో ప్రయోగం. గాలి తోడేసిన గాజు పాత్రలో, మంచు దిమ్మ మీద గడియార యంత్రాన్ని ఉంచాడు. దాని చక్రం లోహపు రేకును ఒరుసుకోగా, అక్కడి మైనం కరిగింది. మంచు అంచున కాలువలో ఉన్న నీరు మాత్రం గడ్డకట్టలేదు. వేడి మంచు నుంచి వచ్చి ఉంటే అది గడ్డకట్టాలి కదా అన్నది డేవీ తర్కం.

తరువాతి పుస్తకాలు ఈ రెంటినీ కలిపి ‘శూన్యంలో మంచు ముక్కల రాపిడి’గా చెప్పాయి. డేవీ మొదటి ప్రయోగ వివరణలో శూన్యం మాటే లేదు. పైగా ఆ కొలతల మంచు రెండు ముక్కలూ కలిపి సుమారు 240 గ్రాములు. అది కరగడానికి 80,000 జౌళ్ళు కావాలి, అంటే ఎనిమిది టన్నుల బరువును మీటరు ఎత్తు లేపేంత శ్రమ. జారుడు మంచు నుంచి కొన్ని నిమిషాల్లో అంత రాబట్టడం నమ్మశక్యం కాదు. మంచును పట్టి ఉంచిన ఇనుప కడ్డీల గుండా బయటి వేడి చేరి ఉండవచ్చు. శూన్యం కూడా పూర్తి రక్షణ కాదు. గాలి ద్వారా వచ్చే వేడిని ఆపుతుందే తప్ప గాజు గోడల నుంచి వచ్చే వికిరణాన్ని ఆపదు. 1935లో భౌతికశాస్త్రవేత్త ఆండ్రేడ్ డేవీ ప్రయోగాలను పరిశీలించి, అవి అతని సిద్ధాంతాన్ని నిరూపించలేవని చూపాడు.

అయినా విలియం థామ్సన్ 1851లో తన ఉష్ణగతి వ్యాసాన్ని డేవీ పేరుతోనే మొదలుపెట్టాడు. నిర్ణయం సరైనదే, నిరూపణలోనే లోపం. ఆ లోపాన్ని తీర్చింది జౌల్ కొలతలు. పౌను నీటి వేడిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ పెంచడానికి 772 అడుగు-పౌనుల పని కావాలని 1850లో ప్రకటించాడు. వేడికీ పనికీ మధ్య లెక్క కుదిరాకే కెలోరిక్ వాదం నిలవలేకపోయింది.