వడపోత డబ్బా, దాన్ని విప్పే పానా

మోటారు కారు పుట్టిన తొలి దశాబ్దాలలో ఇంజను నూనెను వడగట్టే ఏర్పాటు దాదాపుగా లేదు కనుక, దాన్ని విప్పే పనిముట్టు ప్రసక్తే రాలేదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారులో నూనెను తోడే పంపు సైతం ఉండేది కాదు. తిరిగే భాగాలు నూనెను ఎగజిమ్మడమే ఆ ఇంజనుకు కందెన. దారి దుమ్ము, లోహపు రజను, ఇంధనం మండగా మిగిలిన మసి నూనెలో కలిసి బేరింగులను అరగదీస్తుంటే, యజమాని చేతిలో ఉన్న ఉపాయం నూనెను తరచుగా పారబోసి కొత్తది పోయడమొక్కటే. 1923లో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్ అనే ఇద్దరు అమెరికన్లు ప్యూరొలేటర్ పేరుతో ఆయిల్ ఫిల్టరుకు పేటెంటు కోరగా, మరుసటి ఏడు వచ్చిన క్రైస్లర్ కారు దాన్ని అమర్చుకుంది. అప్పటి ఫిల్టర్లు చాలావరకు బైపాస్ పద్ధతివి, అంటే పంపు తోడిన నూనెలో కొంత భాగాన్ని మాత్రమే పక్కకు మళ్లించి వడగట్టేవి. నూనెనంతటినీ వడపోత గుండానే పంపే ఫుల్ ఫ్లో పద్ధతి శతాబ్దం నడుమకు గానీ సర్వసాధారణం కాలేదు.

ఆ మధ్యకాలపు కార్లలో ఎక్కువగా కనిపించేది గిన్నె ఫిల్టరు. ఇంజనుకు అంటిపెట్టుకొని ఉండే ఉక్కు గిన్నెలో మడతల కాగితమో గుడ్డో చుట్టిన ఎలిమెంటు ఉంటుంది. గిన్నె మధ్యగా పోయే పొడవాటి బోల్టును విప్పితే మొత్తం ఊడివస్తుంది. ఉత్తరపారాలో తయారై ఐదు దశాబ్దాలకు పైగా మన రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్ ఇంజనుది ఈ తరహాయే. దీనికి ప్రత్యేకమైన పానా అక్కరలేదు, బోల్టు తలకు సరిపోయే రింగు పానా చాలు. తంటా అంతా ఆ తర్వాతిది: గిన్నె నిండా ఉన్న నల్లని నూనె మోచేతుల దాకా కారుతుంది, పైగా గాడిలో ఇరుక్కున్న పాత రబ్బరు రింగును సన్నని మొనతో పెకలించి తీయాలి. అది మరచి కొత్త రింగును దానిమీదే కూర్చోబెడితే ఇంజను స్టార్టు చేసిన కాసేపటికే నూనె నేలపాలవుతుంది.

ఈ తంటాకు విరుగుడుగా 1950ల నడుమ అమెరికాలో స్పిన్-ఆన్ ఫిల్టరు వచ్చింది. 1954లో దీన్ని రూపొందించిన ఘనత ఉత్తర కరోలినాలోని విక్స్ సంస్థకు దక్కుతుంది. గిన్నె, ఎలిమెంటు, రబ్బరు వాషరు అన్నీ ఒకే రేకు డబ్బాలో ఇమిడిపోయి, దాన్ని మరల మీద చేత్తో తిప్పి బిగించడం, గడువు తీరాక విప్పి పారేయడం పద్ధతి అయింది. గిన్నె కడిగే పని తప్పింది, కానీ పానా పట్టడానికి చోటు కూడా దానితోపాటే పోయింది. పారేయబోయే డబ్బాకు నట్టు అతికించడం ఖర్చని తయారీదారులు అనుకొని ఉండవచ్చు. నట్టు ఉంటే జనం దాన్ని అవసరానికి మించి బిగిస్తారన్న భయమూ న్యాయమైనదే. వాషరుకు నూనె రాసి, అది ఇంజను ముఖానికి తాకిన తర్వాత చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలునని సాధారణ నియమం. అయితే వేల కిలోమీటర్లపాటు వేడెక్కుతూ చల్లారుతూ ఉన్న వాషరు ఆ ముఖానికి అతుక్కుపోతుంది కనుక, చేత్తో బిగించిన డబ్బా చేత్తో రాదు. ఫిల్టరు పానాల చరిత్ర యావత్తూ ఈ తేడాలోంచి పుట్టిందే.

తొలి పానాలు గొట్టాల పనివారి పెట్టెలోంచి వచ్చాయి. గొట్టం చుట్టూ గొలుసు వేసి పట్టే చైన్ పానా, మెరుగుపెట్టిన గొట్టం గీరుకుపోకుండా పట్టే బెల్టు పానా అప్పటికే వాడుకలో ఉండగా, వాటి పోలికనే లోహపు పట్టీకి కదిలే పిడి తగిలించి, లాగే కొద్దీ బిగిసేలా ఫిల్టరు కోసం తయారుచేశారు. పట్టీని డబ్బా అడుగు పళ్లెం దగ్గర, అంటే ఇంజను వైపు అంచున వేస్తే పట్టు దొరుకుతుంది; మధ్యలో వేస్తే పలుచని రేకు నొక్కుకుపోయి పని మరింత చెడుతుంది. పిడి ఊపడానికి జాగా లేని ఇంజన్ల కోసం, డబ్బా కొసన ఉండే పలకలకు సరిగ్గా తొడుక్కునే కప్పు పానా వచ్చింది. 65, 74 మిల్లీమీటర్లంటూ వ్యాసాలు, 14, 15 అంటూ పలకలు కంపెనీకో తీరుగా ఉండడంతో ఒక్కటి కొంటే సరిపోదు, పెట్టె నిండా కొనాలి. ఆ బెడదకు జవాబు మూడు కాళ్ల పానా: రాట్చెట్‌తో తిప్పగా లోపలి పళ్లచక్రాలు కాళ్లను దగ్గరకు లాగి డబ్బాను కరచి పట్టుకుంటాయి. రేకు నలుగుతుంది కాబట్టి ఇది విప్పడానికే తప్ప బిగించడానికి పనికిరాదు.

మన దేశంలో స్పిన్-ఆన్ డబ్బా ఇంటింటికీ తెలిసినది 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తర్వాతే. హైదరాబాదు వీధి గ్యారేజీ నుంచి విజయవాడ ఆటోనగర్ షెడ్డు దాకా పానా లేని చోట డబ్బాలోకి స్క్రూడ్రైవరు దిగగొట్టి మీటలా తిప్పడం, లేదా ఎమరీ కాగితం చుట్టి చేత్తో పట్టడం తెలిసిన పనులే. వీటిలో రెండోది నిరపాయం. మొదటిదానితో రేకు చిరిగి, అడుగు పళ్లెం మాత్రం ఇంజనుకే మిగిలిపోతే, ఇక సుత్తి, ఉలి తీయక తప్పదు.

1990ల నుంచి యూరోపు తయారీదారులు, ముఖ్యంగా జర్మన్ కంపెనీలు, నూనె నిండిన రేకు డబ్బాల చెత్త తగ్గించేందుకు మళ్లీ గిన్నె పద్ధతికి మళ్లారు. ఇప్పుడు గిన్నె శాశ్వతం, కాగితపు ఎలిమెంటు మాత్రమే మార్చదగినది. చాలావాటి ప్లాస్టిక్ మూత మీద 27, 32, 36 మిల్లీమీటర్ల నట్టు ఆకారమో, కప్పు పానా పలకలో పోతపోసి ఉంటాయి, అందువల్ల జారిపోయే పట్టీల అవసరం అక్కడ తీరిపోయింది. అయితే అనేక మూతల మీద 25 న్యూటన్ మీటర్లు అన్న అంకె కూడా అచ్చయి ఉంటుంది. అంతకు మించి బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది కనుక, విప్పే పానా పక్కన ఇప్పుడు బిగింపును కొలిచే టార్క్ పానా చేరింది.