నాలుగు పేజీల పత్రిక, ఒక్కడే విలేకరి

1957 సెప్టెంబరు 19న నెవాడా ఎడారిలో, రెయినియర్ మీసా అనే కొండలో తవ్విన సొరంగంలో అమెరికా ఒక అణ్వాయుధాన్ని పేల్చి చూసింది. పేలుడు మొత్తం భూమి లోపలే అణగిపోయేలా జరిపిన మొదటి పరీక్ష అది. మర్నాడు న్యూయార్క్ టైమ్స్‌లో పెద్ద వార్త వచ్చింది. దాని అడుగున ఒకటి రెండు వాక్యాల తోక వార్తలు కొన్ని ఉన్నాయి. టొరంటోలో భూకంపలేఖిని కదిలిందని ఒకటి, రోమ్‌లోనూ టోక్యోలోనూ ప్రకంపన నమోదైందని మరికొన్ని. వాషింగ్టన్‌లో ఒక విలేకరి వాటి దగ్గర ఆగిపోయాడు. ఇలాంటి పరీక్షను దూరం నుంచి పసిగట్టడం సాధ్యం కాదని ప్రభుత్వ శాస్త్రవేత్తలు చెబుతున్నారు కదా, మరి టోక్యోకు ఎలా తెలిసింది? రోమ్‌కూ టోక్యోకూ కేబుళ్లు ఇచ్చి ఆరా తీయడానికి ఆయన దగ్గర డబ్బు లేదు. ఆ ముక్కలు కత్తిరించి ఇంట్లో దాచుకున్నాడు.

మరుసటి ఏడాది వసంతంలో వాటితో పని పడింది. అణుపరీక్షలు ఆపాలని అమెరికా, సోవియట్ యూనియన్ మాట్లాడుకుంటున్న రోజులవి. ఒప్పందం కుదిరితే అవతలివాడు రహస్యంగా భూమిలో బాంబు పేల్చినా మనకు తెలుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. వెయ్యి కిలోమీటర్లకు ఒకటి చొప్పున నిఘా కేంద్రాలు పెట్టడానికి రష్యన్లు ఒప్పుకుంటున్నారని నిరాయుధీకరణ చర్చలు నడిపిన హెరాల్డ్ స్టాసెన్ చెప్పాడు. కొద్ది రోజులకే, 1958 మార్చిలో, ప్రభుత్వ అణుశక్తి సంస్థ అయిన అటామిక్ ఎనర్జీ కమిషన్ తన నివేదిక బయటపెట్టింది. నెవాడా పేలుడు 200 మైళ్లు దాటి ఎక్కడా నమోదు కాలేదన్నది దాని సారాంశం. అదే నిజమైతే స్టాసెన్ చెప్పిన కేంద్రాలు ఎందుకూ కొరగావు, ఒప్పందమూ కుదరదు.

ఆ విలేకరి దాచుకున్న ముక్కలు తీశాడు. భూకంపాల లెక్కలు చూసే కోస్ట్ అండ్ జియోడెటిక్ సర్వే అనే ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాడు. అక్కడికి విలేకరులు వచ్చేది తక్కువ. టోక్యో, రోమ్ సంగతి తాము చెప్పలేమన్నారు గానీ, పేలుడును నమోదు చేసిన తమ కేంద్రాల జాబితా మాత్రం చేతిలో పెట్టారు. వాటిలో ఒకటి అలాస్కాలో ఉంది, పేలుడు జరిగిన చోటికి రెండు వేల మైళ్లకు పైగా దూరంలో. ఆయన ఫోన్ చేసి అడిగేసరికి కమిషన్ తన అంకెను సవరించుకోక తప్పలేదు.

ఆ విలేకరి పేరు ఐ.ఎఫ్. స్టోన్. ఆయన పత్రిక పేరు ఐ.ఎఫ్. స్టోన్స్ వీక్లీ. వారానికి నాలుగు పేజీలు. సంపాదకుడు, విలేకరి, ప్రూఫులు దిద్దేవాడు అన్నీ ఆయనే. చందాల లెక్కలు, డబ్బు వ్యవహారం భార్య ఎస్తర్ చూసేది. ప్రకటనలు లేవు. వాషింగ్టన్‌లో వాళ్లుండే ఇల్లే ఆఫీసు. 1953 నుంచి 1971 దాకా పంతొమ్మిదేళ్లు అమెరికా రాజకీయాల మీద రాసిన వ్యాఖ్యాతలందరిలో నాకు అత్యంత విలువైనవాడుగా కనిపించేది ఈయనే. వాల్టర్ లిప్‌మన్ లాంటి మహా వ్యాఖ్యాతలకు అధ్యక్షులే కబురు పంపి సలహా అడిగేవారు. స్టోన్‌ను శ్వేతసౌధం గడప తొక్కమన్నవారు లేరు. అదే ఆయన రాతకు బలమైంది.

అసలు పేరు ఇసిడోర్ ఫైన్‌స్టైన్. రష్యా నుంచి వలస వచ్చిన యూదు దంపతులకు 1907 డిసెంబరు 24న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. న్యూజెర్సీలోని హాడన్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో వాళ్లకు దుకాణం ఉండేది. పద్నాలుగేళ్ల వయసులో, హైస్కూల్లో ఉండగానే, ‘ది ప్రోగ్రెస్’ అనే సొంత పత్రిక పెట్టాడు. ఆ పత్రిక సమర్థించిన విషయాల్లో నానాజాతి సమితి ఒకటైతే, భారతదేశానికి స్వాతంత్ర్యం మరొకటి. అది 1922. మన మన్యంలో అల్లూరి సీతారామరాజు పితూరీ మొదలైన ఏడాది. న్యూజెర్సీలో ఒక దుకాణదారు కొడుకు మన తరఫున నాలుగు మాటలు అచ్చేశాడని తెలిస్తే మనసుకు హాయిగా ఉంటుంది. చదువు మాత్రం సాగలేదు. తరగతిలో 52 మంది ఉంటే 49వ వాడుగా హైస్కూలు దాటాడు. కాలేజీ మధ్యలో వదిలేసి విలేకరి ఉద్యోగంలో చేరాడు.

ముప్పయ్యో ఏడు వచ్చేసరికి న్యూయార్క్ పోస్ట్‌లో సంపాదకీయాలు రాస్తున్నాడు. తర్వాత ‘ది నేషన్’, ‘పీఎం’, ‘స్టార్’, ‘డైలీ కంపాస్’. ‘ది నేషన్’ తప్ప మిగిలిన ఈ వామపక్ష దినపత్రికలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. 1952 నవంబరులో కంపాస్ కూడా ఆగిపోయింది. సెనేటర్ జోసెఫ్ మెకార్తీ కమ్యూనిస్టుల వేట తారస్థాయిలో ఉన్న కాలం. ఎర్రముద్ర పడ్డవాడికి ఉద్యోగమిచ్చే ధైర్యం ఎవరికీ లేదు. పైగా కొరియా యుద్ధం మీద ప్రభుత్వ వాదనను ప్రశ్నిస్తూ ఆయన ఆ ఏడాదే ఒక పుస్తకం అచ్చేసి ఉన్నాడు. వయసు నలభై అయిదుకు దగ్గరపడింది. వినికిడి చాలావరకు పోయింది, చెవి యంత్రం లేనిదే మాట వినపడదు.

కంపాస్ వాళ్లు ఇచ్చిన 3,500 డాలర్లు, స్నేహితుడొకరు వడ్డీ లేకుండా ఇచ్చిన 3,000 డాలర్ల అప్పు, మూతపడ్డ పత్రికల చందాదారుల చిరునామాలు. ఇంతే పెట్టుబడి. ఏడాదికి 5 డాలర్ల చందా అని ఉత్తరాలు రాస్తే 5,300 మంది కట్టారు. వాళ్లలో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఉన్నాడు, బెర్ట్రాండ్ రసెల్ ఉన్నాడు, ఎలినార్ రూజ్‌వెల్ట్ ఉంది. మొదటి సంచిక 1953 జనవరి 17 తేదీతో వెలువడింది. మూడు రోజుల తర్వాత ఐసెన్‌హోవర్ అధ్యక్ష పదవి చేపట్టాడు. ఆ వాతావరణంలోనూ తపాలా శాఖ ఆయన రాజకీయాలేమిటని అడగకుండా పత్రికలకిచ్చే రాయితీ అనుమతి ఇచ్చిందని స్టోన్ చివరిదాకా మెచ్చుకుంటూ చెప్పేవాడు.

చెవులు సరిగా వినపడని మనిషి విలేకరుల సమావేశానికి వెళ్లి ఏం చేస్తాడు? అందుకే కాగితాలు పట్టుకున్నాడు. కాంగ్రెస్ చర్చలన్నీ అచ్చుపడే కాంగ్రెషనల్ రికార్డ్, సభా సంఘాల ముందు ఇచ్చిన సాక్ష్యాల పూర్తి పాఠాలు, రక్షణ శాఖ లెక్కలు, బడ్జెట్ పుస్తకాలు, దేశ విదేశాల దినపత్రికలు. రహస్యంగా ఎవరో చేతిలో పెట్టిన కాగితం కాదు, ఎవరైనా డబ్బిచ్చి కొనుక్కోగలిగినవి. ప్రభుత్వమనే యంత్రం అంత పెద్దదయ్యాక ఎక్కడో ఒక మూల నిజం అచ్చులోకి రాక తప్పదని ఆయన నమ్మకం. ఒక శాఖ దాచినది మరో శాఖ నివేదికలో, ముప్పయ్యో పేజీలో, తెలియకుండానే బయటపడుతుంది. రోజూ చదివేవాడికే అది దొరుకుతుంది. చదివి, ఆ అధికారుల మాటలనే చట్రంలో కట్టి పక్కపక్కన అచ్చేసేవాడు. నిరుడు ఒక మంత్రి చెప్పింది ఇటు, ఈ ఏడు అదే మంత్రి చెప్పింది అటు. వ్యాఖ్యానం ఒక్క వాక్యం ఉంటే ఉండేది, లేకుంటే లేదు.

ఈ పద్ధతికి అసలు పరీక్ష వియత్నాం.

1964 ఆగస్టు 2న టోంకిన్ సింధుశాఖలో అమెరికా యుద్ధనౌక మాడెక్స్ మీద ఉత్తర వియత్నాం టార్పెడో పడవలు దాడి చేశాయి. 4వ తేదీ రాత్రి రెండో దాడి జరిగిందని వార్త వచ్చింది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వెంటనే ఉత్తర వియత్నాం మీద బాంబులు వేయించాడు. 7వ తేదీన కాంగ్రెస్ యుద్ధానికి ఆయనకు చేతినిండా అధికారం ఇచ్చే తీర్మానం ఆమోదించింది. ప్రతినిధుల సభలో 416 మంది అనుకూలం, వ్యతిరేకం ఒక్కరూ లేరు. సెనేట్‌లో 88 మంది అటు, ఇద్దరు ఇటు. ఆ ఇద్దరు ఆరిగాన్‌కు చెందిన వేన్ మోర్స్, అలాస్కాకు చెందిన ఎర్నెస్ట్ గ్రూనింగ్.

దాడికి కొద్ది రోజుల ముందు దక్షిణ వియత్నాం పడవలు ఉత్తరాది దీవుల మీద కాల్పులు జరిపాయని, అమెరికా నౌక ఆ దగ్గర్లో తిరగడం అవతలివాళ్లను రెచ్చగొట్టడమేనని మోర్స్ నిండు సభలో చెప్పాడు. అది కాంగ్రెషనల్ రికార్డ్‌లో అచ్చయింది కూడా. పెద్ద పత్రికలు దాన్ని పట్టించుకోలేదు. స్టోన్ అదంతా చదివి, రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా చెప్పిన దానితో పోల్చి, పొసగని చోట్లన్నీ ఎత్తిచూపుతూ ఆగస్టు 24 సంచికలో రాశాడు. రెండో దాడి వార్త వచ్చి మూడు వారాలు కూడా కాలేదు. ఆగస్టు 4 రాత్రి దాడి అసలు జరగనే లేదని జాతీయ భద్రతా సంస్థ సొంత చరిత్రకారుడే రాసిన అధ్యయనం బయటికి రావడానికి 2005 దాకా పట్టింది. ఈ లోపల 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు, లక్షల మంది వియత్నాం ప్రజలు చనిపోయారు.

1965 ఫిబ్రవరి చివర విదేశాంగ శాఖ ఒక శ్వేతపత్రం వెలువరించింది. దక్షిణ వియత్నాంలో గెరిల్లాల పోరు అక్కడి జనం తిరుగుబాటు కాదనీ, ఉత్తరం నుంచి వచ్చిపడిన దురాక్రమణ అనీ దాని వాదన. సాక్ష్యంగా పట్టుబడిన కమ్యూనిస్టు దేశాల ఆయుధాల జాబితా అనుబంధంలో ఇచ్చారు. వాదన చదివి ఊరుకోకుండా స్టోన్ ఆ జాబితా కూడుకున్నాడు. 179 ఆయుధాలు. మొత్తం పట్టుబడినవి ఎన్ని అని పెంటగాన్‌ను అడిగితే, మూడేళ్లలో 15,100 అని లెక్క ఇచ్చారు. శ్వేతపత్రం చూపిన పద్దెనిమిది నెలలకు సరిచూస్తే బయటి దేశాల నుంచి వచ్చినవి నూటికి రెండున్నర కన్నా తక్కువ. అదే మూడేళ్లలో, అమెరికా ఆయుధాలిచ్చిన దక్షిణ వియత్నాం ప్రభుత్వ బలగాల దగ్గర గెరిల్లాలు ఎత్తుకుపోయినవి 27,400. అంటే వాళ్లకు ఆయుధాలు సమకూర్చింది ఎక్కువగా అమెరికాయే. కూడికలూ భాగహారాలూ తప్ప ఇందులో ఇంకేమీ లేదు. ఈ లెక్క అచ్చయిన సంచిక తేదీ 1965 మార్చి 8. అమెరికా మెరీన్లు డానాంగ్ తీరంలో దిగింది కూడా ఆ రోజే. దేశం విని ఉంటే అన్న బాధ ఆ పేజీ చదివినప్పుడల్లా కలుగుతుంది.

ఆయన ప్రతిదీ సరిగ్గా చెప్పాడని అనను. కొరియా పుస్తకంలో యుద్ధాన్ని దక్షిణం వాళ్లే కోరి తెచ్చుకున్నారన్నట్టు రాశాడు. 1990లలో సోవియట్ పత్రాలు తెరుచుకున్నాక, ఉత్తర కొరియా నేత కిమ్ ఇల్ సంగ్ స్టాలిన్ అనుమతి తీసుకునే దండెత్తాడని తేలింది. సోవియట్ వ్యవస్థను ఆయన చాలాకాలం మెతకగా చూశాడు. 1956లో మాస్కో వెళ్లి చూశాక మాత్రం మొహమాటం లేకుండా ఖండించాడు. దాంతో వందల మంది చందాలు మానేశారు. వాటి మీదే బతికే పత్రికకు అది చిన్న దెబ్బ కాదు. 1930లలో ఆయనకు సోవియట్ గూఢచారులతో సంబంధం ఉందన్న ఆరోపణ ఆయన పోయాక వచ్చింది, దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎఫ్‌బీఐ ఆయన ఉత్తరాలూ చెత్తబుట్టా వెతికి వేల పేజీల ఫైలు పోగేసింది, కేసు మాత్రం పెట్టలేదు. కొరియా విషయంలో ఆయన్ని పక్కదారి పట్టించింది ముందే కుదిరిపోయిన అభిప్రాయం. నెవాడా, టోంకిన్ విషయాల్లో ఆయన్ని నిలబెట్టింది కాగితం. రెండూ ఒక్క మనిషివే కాబట్టి తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఆరోగ్యం పాడై, గుండెపోటు వచ్చి, వారపత్రికను పక్షపత్రిక చేసి, 1971 డిసెంబరులో స్టోన్ పత్రిక ఆపేశాడు. అప్పటికి చందాదారులు దాదాపు 70 వేలు. చందా అదే 5 డాలర్లు. అప్పటికీ ఊరుకోలేదు. ముసలితనంలో గ్రీకు నేర్చుకుని, మూలాలు చదివి, 1988లో ‘ది ట్రయల్ ఆఫ్ సోక్రటీస్’ రాస్తే అది విపరీతంగా అమ్ముడుపోయింది. 1989 జూన్ 18న బోస్టన్‌లో కన్నుమూశాడు. స్వతంత్ర పాత్రికేయుల కోసం హార్వర్డ్‌లోని నీమన్ ఫౌండేషన్ 2008లో ఆయన పేరిట పతకం నెలకొల్పింది. మొదట చెప్పుకున్న అణుపరీక్షల చర్చల్లోంచి చివరికి వచ్చిన 1963 నాటి ఒప్పందం గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలను నిషేధించింది. భూగర్భ పరీక్షలను వదిలేసింది. స్టోన్ పోయే నాటికి కూడా నెవాడాలో అవి జరుగుతూనే ఉన్నాయి.

పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇళ్లలో ఇవాళ అమెరికా రాజకీయం పరాయి దేశం కబురు కాదు. వీసా ఫీజు పెరిగిందట, హెచ్1బీ నిబంధన మారిందట అని తెల్లవారేసరికి ఫోన్లో వీడియో వచ్చి పడుతుంది. తల్లిదండ్రులకు ఆ రోజంతా నిద్రాహారాలుండవు. నిబంధన మారితే అది ఫెడరల్ రిజిస్టర్ అనే గెజెట్‌లో అచ్చు కావాలి. 1936 నుంచి వెలువడుతున్న ఆ గెజెట్‌ను ఇప్పుడు ఫోన్లోనే ఉచితంగా చదువుకోవచ్చు. ఏ తేదీ నుంచి, ఎవరికి, ఎంత అన్నది అందులో ఉంటుంది. అమెరికాలో ఉన్న పిల్లలకు నా మనవి ఒకటే. వీడియో ఇంటికి పంపే ముందు ఆ పేజీ తెరిచి చూడండి, అమ్మకూ నాన్నకూ అందులో ఉన్నది తెలుగులో చెప్పండి. స్టోన్ వీక్లీ సంచికలు కూడా ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. 1965 మార్చి 8 సంచికతో మొదలుపెట్టండి.