మాయ మందవుతుందా?



ఈవేళ మనం మాట్లాడుకోబోయే సంగతి వినగానే మీలో కొందరు ముక్కు మీద వేలేసుకుంటారు. ఇంకొందరు "రామ రామ, ఇవేం మాటలమ్మా" అంటారు. అయినా చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ ప్రశ్న ఇప్పుడు మన ఇళ్ళలోకే వస్తోంది. కూతురి పురిటికనీ, కోడలి పురిటికనీ అమెరికా వెళ్ళివచ్చే తల్లులు ఇవాళ వీధికి ఒకరిద్దరున్నారు. బిడ్డ వెనక పడే మాయను ఎండబెట్టి, పొడి కొట్టి, గొట్టం మాత్రల్లో నింపి బాలింతకు ఇచ్చే మనుషులు అక్కడ ఉన్నారు. అందుకు డబ్బు తీసుకుంటారు. అవి వేసుకుంటే పాలు బాగా పడతాయట, రక్తం పడుతుందట, దిగులు దగ్గరకు రాదట. "ఇది వేల ఏళ్ళ నాటి ఆచారం, జంతువులన్నీ చేసే పనే" అని కూడా చెబుతారు.

అసహ్యమని మనం కొట్టిపారేస్తే పిల్లలు ఊరుకోరు. చదువుకున్న పిల్లలు, కారణం అడుగుతారు. అంచేత అసహ్యాన్ని కాసేపు పక్కన పెట్టి, ఆ వేల ఏళ్ళ ఆచారం నిజంగా ఉందా లేదా అన్నది చూద్దాం.

ముందు మాయ అంటే ఏమిటో ఒక మాట. మనలో కొందరు మావి అంటారు, సంస్కృతంలో అపర అనీ జరాయువనీ పేర్లున్నాయి. నెలలు నిండేసరికి సుమారు అర కిలో బరువుంటుంది. తల్లి రక్తంలోంచి బిడ్డకు కావలసిన ప్రాణవాయువూ ఆహారమూ అందించేది అదే, బిడ్డ విడిచిన మలినాన్ని తీసుకుపోయేదీ అదే. చూడ్డానికి గుండ్రంగా, బల్లపరుపుగా ఉంటుంది. అందుకే ఇటలీకి చెందిన రియాల్డో కొలంబో అనే శరీర శాస్త్రవేత్త 1559లో అచ్చయిన తన గ్రంథంలో దానికి రొట్టె అని అర్థం వచ్చే లాటిన్ మాట వాడాడు. ఇంగ్లీషు వైద్యులు ఇప్పటికీ అనే ప్లాసెంటా ఆ మాటే.

ఇక జంతువుల సంగతి. అది నిజమే. కుక్క, పిల్లి, కోతి, ఆవు, ఇలా నేల మీద పాలిచ్చే జంతువుల్లో చాలా భాగం ఈనగానే మాయ తింటాయి. ఒంటెలు తినవు, తిమింగలాలు తినవు. తినేవి ఎందుకు తింటాయన్నది అమెరికాలో మార్క్ క్రిస్టల్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పరిశోధించి, 1980లో పెద్ద సమీక్ష రాశారు. ఎలుకల్లో మాయకూ ఉమ్మనీటికీ నొప్పి తగ్గించే శరీర శక్తిని పెంచే గుణం ఉందని ఆయన పరిశోధనల్లో తేలింది. కాని ఎలుకకు పనికొచ్చిందల్లా మనిషికి పనికి రావాలని లేదు కదా. పైగా మన పల్లెటూళ్ళలో ఏం చేస్తారు? ఆవు ఈనితే, మాయ తినకుండా పక్కనే కాపలా కూర్చుంటారు. పడిన మాయను గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకో మరో పాలచెట్టుకో కట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. చెట్టుకు పాలున్నట్టే ఆవుకీ పాలుండాలని కోరిక. పశువు తిన్నంత మాత్రాన మంచిదని మన రైతులు పశువు విషయంలోనే ఒప్పుకోలేదన్నమాట!

ఇంక వేల ఏళ్ళ ఆచారం మాటకు వద్దాం. అలా చెప్పేవాళ్ళు ముందుగా చూపించేది చైనాను. అక్కడ మాయను మందుగా వాడిన మాట వాస్తవం. ఎనిమిదో శతాబ్దంలో చెన్ ట్సాంగ్‌చీ అనే వైద్యుడు తన ఔషధ గ్రంథంలో దాన్ని చేర్చాడు. 1596లో అచ్చయిన లీ షిజెన్ మహా గ్రంథంలోనూ ఉంది. అయితే ఒక్కటి గమనించండి. ఆ మందు నీరసించిన రోగికి, క్షయ వంటి జబ్బుతో చిక్కిపోయినవాడికి, పిల్లలు కలగని వారికి ఇచ్చింది. ఒకరి మాయ మరొకరికి మందు. కన్న తల్లి తన మాయ తానే తినాలన్నది ఆ వైద్యం మూలసూత్రం కాదు. 2005లో చైనా ఆరోగ్య శాఖ మాయ తల్లికే చెందుతుందనీ, దాన్ని ఎవరూ అమ్మకూడదూ కొనకూడదనీ చెప్పింది. 2015లో అక్కడి అధికార ఔషధ గ్రంథంలోంచి ఆ పేరే తీసేశారు.

మన చరక సంహితలో శారీర స్థానం ఉంది. బిడ్డ పుట్టగానే మాయ పడిందా లేదా చూడమంటుంది, పడకపోతే ఏం చెయ్యాలో వివరంగా చెబుతుంది. సుశ్రుతుడిదీ అదే ఆదుర్దా. ఎందుకంటే మాయ లోపల ఉండిపోతే రక్తం ఆగదు, తల్లి ప్రాణానికే ముప్పు. ఆ తరవాత చరకుడు పురిటాలికి తాగించమన్నది మాయ కాదు, పిప్పళ్ళు, శొంఠి, చిత్రమూలం వంటివాటి పొడి కలిపిన నెయ్యి. మన బామ్మలు చేసిపెట్టిన కాయం ముద్ద ఈ కుటుంబంలోదే అనిపించడం లేదూ?

మరి మాయను మనుషులు ఏం చేశారు? చాలా చోట్ల భూమిలో దాచారు. మన మంత్రసాని ఎన్నో ఊళ్ళలో దాన్ని కొత్త కుండలో పెట్టి, కుక్కలు తవ్వకుండా పెరట్లో లోతుగా పాతిపెట్టించేది. న్యూజిలాండులోని మావోరీలు మాయనూ నేలనూ ఒకే మాటతో, ఫెనువా అని పిలుస్తారు. మాయను తమ భూమిలో పాతిపెడితే ఆ బిడ్డకు ఆ నేలతో బంధం కుదురుతుందని నమ్మకం. కొరియాలో రాజుల ఇంట అయితే మాయను కడిగి జాడీలో పెట్టి, మంచి కొండ వెతికి పాతిపెట్టి, పైన రాతి కట్టడం కట్టేవారు. సేజోంగ్ రాజు కొడుకుల కోసం 1438 నుంచి 1442 వరకు సోంగ్‌జు అనే చోట కట్టినవి వరసగా ఇప్పటికీ ఉన్నాయి.

ఈ విషయం మీద నెవాడా విశ్వవిద్యాలయం వాళ్ళు 2010లో ఒక పెద్ద లెక్క తీశారు. ప్రపంచంలో 179 జాతుల ఆచారాల మీద ఉన్న రికార్డులన్నీ వెతికారు. పాతిపెట్టడం ఉంది, చెట్టుకు కట్టడం ఉంది, కాల్చడం ఉంది. కన్న తల్లి మాయ తినడం స్థిరమైన ఆచారంగా మాత్రం ఏ జాతిలోనూ దొరకలేదు. వేల ఏళ్ళ ఆచారం సంగతి అదీ!

మరి ఇది ఎక్కడ మొదలైంది? వైద్యులు అప్పుడప్పుడు ప్రయత్నించి చూసిన దాఖలాలున్నాయి. 1918లో అమెరికాలో హామెట్ అనే ఆయన ఎండబెట్టిన మాయను బాలింతలకు ఇచ్చి, వాళ్ళ పాలు తాగే పిల్లల బరువు చూశాడు. 1954లో చెకొస్లొవేకియాలో 210 మంది తల్లులకు ఇచ్చి, చాలామందికి పాలు పెరిగాయన్నారు. కాని అవి ఈనాటి పద్ధతిలో కట్టుదిట్టంగా చేసిన పరీక్షలు కావు. తల్లులు తామై తినడం మాత్రం 1970ల తరవాతి సంగతి. ఆస్పత్రి పురుళ్ళలో తమ మాట చెల్లడం లేదని విసిగిపోయి, ఇంట్లోనే కంటామన్న అమెరికా స్త్రీలలో అది మొదలైంది. వాళ్ళ విసుగు అన్యాయమైనదని నేననను. 2012లో జనవరి జోన్స్ అనే సినిమా తార ఈ మాత్రలు వేసుకున్నానని చెప్పాక ఊరూవాడా తెలిసిపోయింది.

పోనీ, ఆచారం కాకపోయినా గుణం ఉందేమో అంటారా? ఆ నెవాడా వాళ్ళే పరీక్షించారు. 27 మంది బాలింతల్లో కొందరికి మాయ మాత్రలు, కొందరికి ఎండబెట్టిన గొడ్డు మాంసం మాత్రలు ఇచ్చారు. ఎవరివి ఏవో ఇచ్చినవారికీ తెలియదు, పుచ్చుకున్నవారికీ తెలియదు. 2017, 2018లలో ఫలితాలు వచ్చాయి. రక్తంలో ఇనుములో తేడా లేదు. అలసటలో, దిగులులో, బిడ్డ మీద మమకారంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. చిన్న పరీక్షే, కాని చెప్పిన గొప్పలకు ఆధారం మాత్రం కనబడలేదు.

ఇంకొకటి మరీ ముఖ్యం. 2016లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఒక పసిబిడ్డకు రక్తంలో విషక్రిములు చేరాయి. గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అంటారు. 11 రోజులు మందులిచ్చి ఇంటికి పంపితే, 5 రోజులకే జబ్బు తిరగబెట్టింది. ఆరా తీస్తే తల్లి మాయ మాత్రలు వేసుకుంటోందని తెలిసింది. పరీక్షిస్తే ఆ మాత్రల్లో అదే క్రిమి ఉంది! వాళ్ళు ఎండబెట్టిన వేడి క్రిములను చంపడానికి చాలలేదు. ఆ మాత్రల వల్ల తల్లి ఒంట్లో క్రిమి పెరిగి బిడ్డకు సోకి ఉండవచ్చని తేల్చి, ఇవి వేసుకోవద్దని 2017లో అమెరికా ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఇక పాల సంగతి. కడుపులో మాయ ఉన్నంతకాలం దాన్నుంచి వచ్చే ప్రొజెస్టెరోన్ అనే హార్మోను పాలను ఆపి ఉంచుతుంది. మాయ పడిపోగానే అది తగ్గిపోతుంది, రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి. మాయ ముక్క లోపల మిగిలిపోతే పాలు ఆలస్యమవుతాయి. అంటే మాయ వెళ్ళిపోవడమే పాలకు పిలుపు. ఆ పాత మంత్రసాని మాయ పూర్తిగా వచ్చిందా అని దీపం దగ్గరగా పెట్టి చూసుకునేది కదా, అసలు జాగ్రత్త అదీ.

అయితే అక్కచెల్లెళ్ళారా, "తినకు" అని చెప్పి ఊరుకుంటే మన పని అయిపోదు. ఆ మాత్రలు కొనుక్కునే పిల్ల ఏం కోరుతోంది? ఒంట్లో సత్తువ, బిడ్డకు పాలు, మనసుకు కాస్త నెమ్మది. అవి న్యాయమైన కోరికలే. మన దేశంలో 2019-21 ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువ. దానికి మందు సర్కారు ఆస్పత్రిలోనే దొరికే ఐరన్ మాత్ర. కానుపు తరవాత 180 రోజులు వేసుకోమంటారు. ఎంతమంది ఇళ్ళలో పూర్తిగా వేసుకుంటున్నారు చెప్పండి? పథ్యం పేరుతో నెల రోజులు కారప్పొడి అన్నం పెట్టి, మంచినీళ్ళు కూడా కొలిచి ఇచ్చే ఇళ్ళు ఇంకా లేవూ? పప్పు, ఆకుకూర, పాలు, గుడ్డు, దాహమైనన్ని నీళ్ళు, ఇవి బాలింతకు మొదటి మందు.

దిగులు మాట కూడా చెప్పాలి. కానుపైన మొదటి రోజుల్లో ఊరికే కళ్ళనీళ్ళు రావడం మామూలే, తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, పిల్ల నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టకపోతే, అది గారాబం కాదు, జబ్బు. డాక్టరుకు చూపించాలి. బయటి దేశంలో ఉన్న పిల్ల ఫోనులో "బాగానే ఉన్నానమ్మా" అంటే మాట నమ్మేసి ఊరుకోకండి. తిన్నావా, పడుకున్నావా, రాత్రి బిడ్డను ఎవరు ఎత్తుకున్నారు అని అడగండి.

మాయ తొమ్మిది నెలలు తన పని తాను చేసి వెళ్ళిపోయింది. ఇక తల్లిని చూసుకోవలసిన వంతు మనది. అత్తగారిదీ, అమ్మదీ, ముఖ్యంగా భర్తదీ. ఆ వంతు మనం తీసుకున్న ఇంట్లో ఏ మాత్రల అమ్మకందారుకీ పని ఉండదు.

సెలవు.