అమీర్‌పేటలో ఎన్‌టీ చదువు

1990ల చివర్లో మైత్రీవనం చుట్టుపక్కల ఎటు చూసినా ఎం.సి.ఎస్.ఇ. బోర్డులే. ఆ మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ కావాలంటే విండోస్ ఎన్‌టీ 4.0 మీద ఆరు పరీక్షలు గట్టెక్కాలి: నాలుగు తప్పనిసరి, రెండు మన ఇష్టం. నేనూ అక్కడే నేర్చుకున్నాను.

సర్వర్ ఎక్కించడం మూడు ఫ్లాపీలతో మొదలయ్యేది. ఒకటి తీసి ఇంకొకటి పెడుతూ నీలం తెర ముందు కూర్చునేవాళ్లం. ఈ మెషీన్ ప్రైమరీ డొమైన్ కంట్రోలరా, బ్యాకప్పా, మామూలు సర్వరా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. మామూలు సర్వర్ అని ఎంచుకుంటే, తర్వాత దాన్ని కంట్రోలర్ చెయ్యడానికి మళ్లీ మొదటినుంచి ఎక్కించాల్సిందే. బట్టీపట్టినవాళ్లకు అదొక ప్రశ్న. ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లకు ఒక మధ్యాహ్నం.

2000 ఫిబ్రవరిలో విండోస్ 2000 వచ్చాక పరీక్షలు ఏడయ్యాయి. యాక్టివ్ డైరెక్టరీ వచ్చింది. డీసీప్రోమో అని టైపు చేస్తే నడుస్తున్న సర్వరే కంట్రోలర్ అయ్యేది! డీఎన్‌ఎస్ సరిగా లేకపోతే మాత్రం ఏదీ కదిలేది కాదు.

డంప్స్, అంటే బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు, బట్టీకొట్టి పాసైనవాళ్లు పెరిగేకొద్దీ ఆ సర్టిఫికెట్ మీద నమ్మకం తగ్గింది. రాత్రిళ్లు ల్యాబ్‌లో కష్టపడ్డవాళ్లకు అది అన్యాయమని నాకిప్పటికీ బాధే. మైక్రోసాఫ్ట్ 2021 జనవరి 31న ఎం.సి.ఎస్.ఇ.ని పూర్తిగా ఆపేసింది.